బరువు తగ్గించే మందులు: చీటీ రాశాకే మొదలయ్యే వైద్యం

సెమాగ్లుటైడ్ అనే మందు మీద జరిగిన స్టెప్ 1 ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. అందులో 1,961 మంది పాల్గొన్నారు. వారానికో ఇంజెక్షన్ చొప్పున 68 వారాలు తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. డమ్మీ మందు తీసుకున్నవాళ్లు తగ్గింది 2.4 శాతమే. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. ఆ మరుసటి ఏడాది ఇంకో ఫలితం వచ్చింది. అదే ట్రయల్‌లో ఉన్న కొంతమందిని, మందు ఆపేశాక ఏడాదిపాటు గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. బీపీ లాంటివాటిలో కనిపించిన మెరుగుదల కూడా చాలావరకు పోయింది. ఈ రెండో వార్త మొదటిదానంత దూరం వెళ్లలేదు.

ఈ మందుల గురించి ఎవరు మాట్లాడినా ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. మందు పనిచేస్తుందనడంలో సందేహం లేదు. వాడినంత కాలమే పనిచేస్తుందనడంలోనూ సందేహం లేదు. బీపీ మాత్ర ఆపితే బీపీ మళ్లీ పెరుగుతుంది, అందుకు ఎవరూ ఆశ్చర్యపోరు. బరువు విషయంలో మాత్రం మూడు నెలల కోర్సు, ఆరు నెలల ప్యాకేజీ లాంటి మాటలు నడుస్తున్నాయి. ఏ ఇంజెక్షన్ మంచిది అన్న ప్రశ్నకు ఇస్తున్న ప్రాధాన్యం, దాన్ని ఎవరు ఇస్తున్నారు, ఎవరు గమనిస్తున్నారు, ఎంతకాలం వాడాలి అన్న ప్రశ్నలకు దక్కడం లేదు. నిజానికి ఫలితం తేలేది ఈ ప్రశ్నల దగ్గరే.

శరీరం ఎందుకు ఎదురు తిరుగుతుంది

బరువు తగ్గడాన్ని మనం విజయంగా చూస్తాం, శరీరం కరువుగా చూస్తుంది. కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ వస్తుంది. దీని జన్యువును జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో కనిపెట్టింది. కొవ్వు తగ్గినకొద్దీ లెప్టిన్ పడిపోతుంది, నిల్వలు అయిపోతున్నాయని మెదడుకు కబురు అందుతుంది. మరోవైపు కడుపులో తయారయ్యే గ్రెలిన్ పెరిగి ఆకలిని రేపుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తి కూడా, తగ్గిన బరువును బట్టి ఉండాల్సినదానికన్నా ఇంకా తగ్గిపోతుంది.

ఇదంతా నాలుగు రోజుల్లో సర్దుకునే వ్యవహారం కాదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో 50 మందికి పది వారాలపాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఆకలికి సంబంధించిన హార్మోన్లు ఇంకా పాత స్థితికి రాలేదు. వాళ్లకు ఆకలి కూడా మొదట్లో కన్నా ఎక్కువగానే ఉంది.

కష్టపడి తగ్గి మళ్లీ లావెక్కిన మనిషిని నోరు కట్టుకోలేదని నిందించడం అందుకే అన్యాయం. పెరిగిన ఆకలితో నెలల తరబడి, పూటపూటా పోరాడిన మనిషి అది. ఆ పోరాటం బయటివాళ్లకు కనిపించదు. ఇంట్లోవాళ్లే కాదు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా ఈ నింద వేస్తారు. దాంతో ఎంతోమంది వైద్యం అడగడమే మానేస్తారు, లేదా ఎవరికీ చెప్పకుండా ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి తెప్పించుకుంటారు. ఊబకాయాన్ని దీర్ఘకాలిక జబ్బుగా చూడటంలో ఉన్న పెద్ద లాభం, మనిషి సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గరకు రాగలగడం.

చేదు చరిత్ర

బరువు తగ్గించే మందుల మీద ఇంత జాగ్రత్త ఎందుకు అన్నదానికి గత తొంభై ఏళ్ల చరిత్రే జవాబు. 1930ల్లో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని బరువు తగ్గడానికి మింగారు. అది శరీరంలోని శక్తిని వేడిగా మార్చి వృథా చేస్తుంది. బరువు తగ్గేది నిజమే, కానీ కొందరి శరీరం లోపలి నుంచే వేడెక్కి ప్రాణం పోయింది, మరికొందరికి కళ్లలో శుక్లాలు వచ్చాయి. 1938లో అమెరికా దాన్ని మనుషుల వాడకం నుంచి తప్పించింది. తర్వాత ఆంఫెటమైన్లు అనే ఉత్తేజక మందుల కాలం వచ్చింది. అవి ఆకలిని చంపాయి, అలవాటునూ మిగిల్చాయి.

1990ల్లో ఆకలి తగ్గించే ఫెన్‌ఫ్లురమైన్‌ను ఫెంటర్మైన్ అనే అలాంటిదే మరో మందుతో కలిపి విపరీతంగా రాశారు. గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని తేలడంతో 1997 సెప్టెంబరులో ఫెన్‌ఫ్లురమైన్‌ను వెనక్కి తీసుకున్నారు. సిబుట్రమైన్ 2010లో పోయింది, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచినందుకు. యూరప్‌లో 2006లో అనుమతి పొందిన రిమోనాబాంట్ రెండేళ్లకే ఆగిపోయింది, డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనల కారణంగా. లోర్కాసెరిన్‌ను 2020లో క్యాన్సర్ అనుమానంతో తప్పించారు.

వీటిలో చాలా మందులు మార్కెట్లోకి వచ్చినప్పుడు సురక్షితమని నమ్మినవే. ముప్పు బయటపడింది చాలామంది వాడాక, కొన్నిసార్లు పెద్ద ట్రయల్‌లో, కొన్నిసార్లు ఎక్కడో ఒక డాక్టర్ తన పేషెంట్లలో ఏదో తేడా గమనించి నమోదు చేశాక. పర్యవేక్షణ వల్ల మేలు ఆ ఒక్క పేషెంటుకే కాదు, ఆ తర్వాత అదే మందు వాడబోయే అందరికీ.

ఇప్పటి మందులు ఎలా పనిచేస్తాయి

భోజనం చేశాక పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. అది షుగర్ పెరిగినప్పుడు ఇన్సులిన్‌ను పెంచుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకు చెబుతుంది. ఇబ్బంది ఏమిటంటే రక్తంలో అది సుమారు రెండు నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. మందుగా వాడాలంటే ఎక్కువసేపు నిలిచే రూపం కావాలి. అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో, ఈ హార్మోన్‌ను పోలి అంతకన్నా ఎక్కువసేపు నిలిచే పదార్థాన్ని జాన్ ఎంగ్ అనే పరిశోధకుడు 1990ల మొదట్లో గుర్తించారు. దాని ఆధారంగా వచ్చిన ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికాలో షుగర్ మందుగా అనుమతి దొరికింది. అది రోజుకు రెండుసార్లు పొడుచుకోవాల్సిన ఇంజెక్షన్. రోజుకొకటి చాలనిపించిన లిరాగ్లుటైడ్ 2014లో, వారానికొకటి సరిపోయే సెమాగ్లుటైడ్ 2021లో బరువు కోసం అనుమతి పొందాయి. ఆ తర్వాత వచ్చిన టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే మరో హార్మోన్ దారిలోనూ పనిచేస్తుంది. 2022లో ప్రచురించిన ట్రయల్‌లో దాని పెద్ద డోసు వాడినవాళ్లు 72 వారాల్లో సగటున 20.9 శాతం తగ్గారు.

వీటిని వాడేవాళ్లు చెప్పే మాటల్లో తరచూ వినిపించేది, తిండి గురించిన ఆలోచనలు మౌనంగా మారాయన్నది. ఇంగ్లిష్‌లో దీన్ని ఫుడ్ నాయిస్ అంటున్నారు. రోజంతా తిండి చుట్టూ తిరిగే మనసు మొదటిసారి వేరే పనుల మీద నిలవడం వాళ్లకు పెద్ద ఉపశమనం. తూకం కన్నా ముందే ఈ మార్పు తెలుస్తుంది.

లాభం బరువుతో ఆగదు. సెలెక్ట్ అనే ట్రయల్‌లో 17,604 మంది ఉన్నారు. అందరూ 45 ఏళ్లు దాటినవాళ్లు, అధిక బరువుతో పాటు అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు, షుగర్ లేనివాళ్లు. సెమాగ్లుటైడ్ వల్ల గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. అసలు లెక్కలో చూస్తే నూరుమందిలో 8 మందికి జరగాల్సింది 6.5 మందికి జరిగింది. ఇది మంచి ఫలితమే. కానీ అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లలో వచ్చిన ఫలితం ఇది. ఐదు కిలోలు తగ్గాలనుకునే ఆరోగ్యవంతుడికి ఇదే లాభం వస్తుందని దీన్నిబట్టి చెప్పలేం.

ఇంజెక్షన్లు మాత్రమే మందులు కావు. ఆహారంలోని కొవ్వులో దాదాపు మూడో వంతు ఒంటికి పట్టకుండా ఆపే ఆర్లిస్టాట్ ఉంది. ఫెంటర్మైన్-టోపిరమేట్, నాల్ట్రెక్సోన్-బుప్రోపియాన్ కలయికలు ఉన్నాయి. వీటి బలం తక్కువే అయినా, కొందరికి ఇవే సరిపోతాయి.

మొదటి డోసుకు ముందు

ట్రయల్స్‌లోనూ, మందుల అనుమతుల్లోనూ సాధారణంగా కనిపించే గీత బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 30. లేదా 27 ఉండి, దానితోపాటు బీపీ, షుగర్ లాంటి సమస్య ఒకటైనా ఉండాలి. ఆసియా మూలాలున్నవాళ్లలో షుగర్, గుండె జబ్బు ముప్పు తక్కువ బీఎంఐ దగ్గరే మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. 23 దగ్గర జాగ్రత్తపడాలని, 27.5 దాటితే ముప్పు ఎక్కువని వాళ్ల సూచన. బీఎంఐ ఒక్కదాన్నే నమ్మడం కూడా సరికాదు. అది కండను, కొవ్వును వేరుచేసి చూపదు. నడుము కొలత, కాలేయంలో కొవ్వు, నిద్రలో శ్వాస ఆగడం, మోకాళ్ల స్థితి, ఇవన్నీ కలిపి చూసే డాక్టర్ చేతిలోనే ఆ అంకెకు అర్థం వస్తుంది.

తొందరలో ఎక్కువగా వదిలేసే పని ఇంకొకటుంది. ఇప్పటికే వాడుతున్న మందుల జాబితా చూడటం. ఇన్సులిన్, కొన్ని పాత షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు, ఓలంజపైన్ లాంటి మానసిక వైద్యపు మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కొన్ని డిప్రెషన్ మందులు బరువు పెంచుతాయి. ఒక మందు బరువు పెంచుతుంటే దాన్ని తగ్గించడానికి ఇంకో మందు రాసే పరిస్థితి రాకూడదు. ఆ మందు రాసిన డాక్టర్‌తో మాట్లాడి ప్రత్యామ్నాయం ఉందేమో చూడటం మొదటి పని. అంతేగాని పేషెంట్ సొంతంగా ఆపేయకూడదు, ముఖ్యంగా మానసిక వైద్యపు మందులను.

అసలు ఈ మందు పడనివాళ్లు కొందరున్నారు. కుటుంబంలోగానీ తమకుగానీ మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు జీఎల్‌పీ-1 మందుల జోలికి వెళ్లకూడదు. ఎలుకల్లో థైరాయిడ్ గడ్డలు కనిపించడం వల్ల పెట్టిన నిషేధం ఇది. పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాపు వచ్చినవాళ్లు, కడుపు కదలిక మందగించినవాళ్లు, తిండి విషయంలో మానసిక రుగ్మత ఉన్నవాళ్లు ముందుగా చెప్పి తీరాలి. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ అయితే గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గించవచ్చు. అందుకే మొదలుపెట్టినప్పుడూ, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు వేరే జాగ్రత్త కూడా వాడమంటారు. బరువు తగ్గడంతో గర్భధారణ అవకాశం పెరుగుతుంది కాబట్టి ఈ మాట చెప్పకపోవడం చిన్న పొరపాటేమీ కాదు.

డోసు పెంచే నెలలు

సెమాగ్లుటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలై 0.5, 1, 1.7 మీదుగా 2.4కు చేరుతుంది. ఒక్కో మెట్టు మీద నాలుగు వారాలు. ఇంత నిదానం ఎందుకంటే వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం ఎక్కువగా డోసు పెరిగే రోజుల్లోనే వస్తాయి. తట్టుకోలేకపోతే అదే మెట్టు మీద ఇంకో నెల ఆగవచ్చు, కిందికీ దిగవచ్చు. పై డోసుకు చేరి తీరాలన్న నియమం లేదు. తక్కువ డోసులోనే బాగా తగ్గేవాళ్లున్నారు. క్యాలెండర్ చూసి డోసు పెంచేసే చోట పేషెంట్ మధ్యలోనే మందు మానేసే అవకాశం ఉంది.

వికారం ఇబ్బందే, కానీ అది అంత భయపడాల్సింది కాదు. ఆగని వాంతులతో ఒంట్లో నీరు తగ్గిపోయి కిడ్నీలు దెబ్బతినడం, పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, కళ్లు పచ్చబడటం, ఇవి ఆ రోజే డాక్టర్‌ను కలవాల్సిన లక్షణాలు. నొప్పి పాంక్రియాస్ వాపుదీ కావచ్చు, పిత్తాశయంలో రాళ్లదీ కావచ్చు. ఏ పద్ధతిలోనైనా బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. చూపు ఒక్కసారిగా మసకబారితే వెంటనే కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. కంటి నరానికి రక్తం తగ్గే ఒక అరుదైన సమస్యను సెమాగ్లుటైడ్ దుష్ప్రభావంగా యూరోపియన్ మందుల నియంత్రణ సంస్థ 2025లో గుర్తించింది. అది పది వేల మందిలో ఒకరి వరకు రావచ్చని అంచనా.

బరువు తగ్గుతుంటే ఇతర మందుల లెక్కలు మారిపోతాయి. ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా అనే రకం షుగర్ మాత్రల డోసు తగ్గించకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. నిన్నటిదాకా సరిపోయిన బీపీ మాత్ర ఇప్పుడు ఎక్కువై, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఏళ్లుగా షుగర్ ఎక్కువగా ఉండి ఒక్కసారిగా తగ్గితే కంటి రెటీనా సమస్య కొంతకాలం ముదరవచ్చు, కాబట్టి ముందే కళ్లు పరీక్షించుకోవాలి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు ఈ మందు సంగతి చెప్పాలి. కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది కాబట్టి, మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పు ఉంటుంది. ఆత్మహత్య ఆలోచనల గురించి వచ్చిన అనుమానాలను అమెరికా, యూరప్ సంస్థలు 2024లో పరిశీలించి, ఈ మందులే కారణమనడానికి ఆధారం దొరకలేదన్నాయి. అయినా మనసు ఎలా ఉందని ప్రతి విజిట్‌లో అడగడం మంచి డాక్టర్ లక్షణం.

తగ్గినదంతా కొవ్వు కాదు

తూకం యంత్రం చూపేది మొత్తం బరువునే. స్టెప్ 1లో కొంతమందికి స్కాన్ చేసి చూస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిదేనని తేలింది. అందులో నీరు, అవయవాల బరువు కూడా ఉంటాయి, మొత్తం కండ అనుకోనక్కర్లేదు. కానీ కండ కూడా పోతుంది. ముప్పై ఏళ్ల మనిషికి ఇది పెద్ద విషయంగా తోచకపోవచ్చు. అరవై ఐదేళ్ల మనిషికి కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం, పడిపోకుండా ఉండటం అంతా ఈ కండ మీదే ఆధారపడి ఉంటుంది. మందు ఆపాక తిరిగి వచ్చే బరువులో కొవ్వే ఎక్కువ అయితే మనిషి మొదటికన్నా బలహీనంగా మిగులుతాడు.

ఆకలే లేనప్పుడు మనిషి రెండు ముద్దలు తిని లేస్తాడు. ఆ రెండు ముద్దల్లో ప్రోటీన్ ఉండేలా చూడటం, వారానికి రెండు మూడుసార్లు కండరాలకు బరువు తగిలే వ్యాయామం చేయించడం ఈ వైద్యంలో భాగమే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రోటీన్ ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. ప్రతి విజిట్‌లో బరువుతో పాటు నడుము కొలత, చేతి పట్టు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలగడం చూస్తే చాలా తెలుస్తుంది. ఇందుకు ఖరీదైన స్కాన్లు అక్కర్లేదు, ఐదు నిమిషాల సమయం కావాలి. చాలా క్లినిక్‌లలో కరువైంది ఆ ఐదు నిమిషాలే.

కోపెన్‌హాగెన్‌లో జరిగిన ఒక అధ్యయనం ఈ విషయంలో ఎంతో నేర్పుతుంది. 195 మంది మొదట ఎనిమిది వారాలు తక్కువ కేలరీల ఆహారంతో సగటున 13 కిలోలు తగ్గారు. తర్వాత ఏడాదిపాటు కొందరికి లిరాగ్లుటైడ్, కొందరికి పర్యవేక్షణలో వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారు, మిగిలినవాళ్లకు డమ్మీ మందు. రెండూ కలిసినవాళ్ల ఫలితం అన్నిటికన్నా మెరుగ్గా ఉంది. అన్నీ ఆపేసిన ఏడాది తర్వాత చూస్తే, మందు మాత్రమే తీసుకున్నవాళ్ల కన్నా వ్యాయామంతో కలిపి తీసుకున్నవాళ్లే తగ్గిన బరువును బాగా నిలుపుకున్నారు.

బరువు తగ్గడం ఆగినప్పుడు

ఏడాది దగ్గరపడే వేళకు దాదాపు అందరికీ తూకం ఒకచోట ఆగుతుంది. మందు పనిచేయడం మానేసిందని కంగారుపడతారు. శరీరం ఖర్చు, తిండి మళ్లీ సమానమయ్యాయన్నదే దాని అర్థం. తగ్గిన చోట నిలవడం కూడా మందు చేస్తున్న పనే. మొదటి నుంచీ తగ్గనివాళ్ల సంగతి వేరు. సగటు 15 శాతం అంటే అందులో పాతిక శాతం తగ్గినవాళ్లూ ఉన్నారు, ఐదు కూడా తగ్గనివాళ్లూ ఉన్నారు. పూర్తి డోసు మీద మూడు నెలలు గడిచినా ఐదు శాతం తగ్గకపోతే చాలా మందుల విషయంలో కొనసాగించడంలో అర్థం లేదు. మందు మార్చడమో, సర్జరీ గురించి ఆలోచించడమో చేయాలి. పేషెంట్‌ను తప్పుపట్టే సందర్భం కాదది.

ఈ మందులకు గిరాకీ పెరిగినకొద్దీ నకిలీలూ పెరిగాయి. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో నకిలీ సెమాగ్లుటైడ్ దొరికిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది. అదే ఏడాది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంకో ప్రమాదం చెప్పింది. పెన్ ఆకారపు ఇంజెక్షన్‌లో కాకుండా సీసాలో వచ్చే మందును సిరంజీలోకి తీసుకోవడం తెలియక కొందరు ఐదు నుంచి ఇరవై రెట్లు ఎక్కువ పొడుచుకున్నారు. యూనిట్లు, మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు కలగాపులగమైతే జరిగేది ఇదే. ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడిగి మందు ఇంటికి పంపేసే చోట ఆ తేడా చూపించి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆపాల్సి వస్తే

ఆపడానికి కారణాలు చాలా ఉంటాయి. ఖర్చు, గర్భం, దుష్ప్రభావాలు, మందు దొరకకపోవడం, లేదా ఇక చాలనిపించడం. కారణం ఏదైనా ఆపే విధానం మొదటి చీటీ రాసిన రోజే మాట్లాడుకోవాల్సింది. ఎంతకాలం వాడే ఉద్దేశంతో మొదలుపెడుతున్నాం, ఖర్చు భరించలేకపోతే ఏం చేద్దాం, ఆపితే ఆకలి తిరిగి వస్తుందని ముందే తెలుసా అన్నవి ఆ రోజే అడగాలి. ఈ మాట ముందుగా విన్న మనిషి, ఆపిన రెండో నెలలో ఆకలి విరుచుకుపడినప్పుడు తనను తాను తిట్టుకోడు, డాక్టర్‌కు ఫోన్ చేస్తాడు.

తక్కువ డోసులో కొనసాగించడం, ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించుకుంటూ రావడం కొందరు డాక్టర్లు ప్రయత్నిస్తున్న దారులు. ఎవరికి ఏది సరిపోతుందన్నది ఆ మనిషి బరువు ఎలా కదులుతుందో చూసి నిర్ణయించాలి. ఆపాక మొదటి ఏడాది విజిట్లు తగ్గకూడదు, అవసరమైతే పెరగాలి. తగ్గిన బరువులో ఎంత తిరిగి వస్తే మళ్లీ మందు గురించి ఆలోచించాలన్న హద్దు ముందే అనుకుని ఉండాలి. షుగర్, బీపీ మందుల్లో ఏవి తగ్గించారో, ఏవి ఆపారో వాటిని మళ్లీ చూడాలి, ఎందుకంటే బరువుతో పాటు అవీ తిరిగి వస్తాయి. మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే ఇంట్లో మిగిలిన పాత పెన్ తీసి పాత పెద్ద డోసు పొడుచుకోకూడదు. నెలల విరామం తర్వాత శరీరం ఆ డోసుకు అలవాటు తప్పి ఉంటుంది, కాబట్టి కింది మెట్టు నుంచే, మళ్లీ నాలుగేసి వారాల చొప్పున ఎక్కాలి.